రిమైండర్ యాప్ ఇంకొకటి వద్దు

డిసెంబర్ 1 వస్తే మన కాలేజీలో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. రెడ్ రిబ్బన్ క్లబ్ వాళ్ళు ర్యాలీ పెడతారు, ముగ్గులేస్తారు, ఫోటోలు దిగుతారు. అటెండెన్స్ ఇస్తారు కాబట్టి జనం కూడా బాగానే వస్తారు. ప్లకార్డుల మీద ఉండేదంతా హెచ్‌ఐవీ రాకుండా ఎట్లా జాగ్రత్త పడాలి అనేదే. ఇప్పటికే వచ్చినవాళ్ళ గురించి ఒక్క ముక్క ఉండదు. 2021 ప్రభుత్వ అంచనాల ప్రకారం మన రాష్ట్రంలో వాళ్ళు మూడు లక్షల పైనే. దేశంలో మహారాష్ట్ర తర్వాత మనమే. అంత మందిని లేనట్టే చూసుకుంటూ ర్యాలీ చేయడం నాకు ఎట్లానో అనిపిస్తుంది.

వాళ్ళకి మందు లేదా అంటే, ఉంది. మంచి మందే ఉంది. 2004 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోంది. ఒకప్పుడు గుప్పెడు మాత్రలు మింగాల్సి వచ్చేది, ఇప్పుడు చాలామందికి రోజుకు ఒకటే. అది క్రమంగా వేసుకుంటే వైరస్ రక్తపరీక్షలో కనపడనంత తగ్గిపోతుంది. ఆ స్థితిలో ఉన్నవాళ్ళ నుంచి సెక్స్ ద్వారా ఇంకొకరికి సోకదు. పెళ్ళి, పిల్లలు, ఉద్యోగం అన్నీ మామూలే. కానీ ఆపేస్తే కొన్ని వారాల్లోనే వైరస్ మళ్ళీ లేస్తుంది. ఆపుతూ, వేసుకుంటూ ఉంటే ఆ మందుకే లొంగని రకం తయారవుతుంది. అంటే ఇరవై ఏళ్ళప్పుడు మొదలుపెట్టిన మనిషి అరవై ఏళ్ళొచ్చినా సెంటర్‌కి తిరుగుతూనే ఉండాలి. అసలు కష్టం అక్కడుంది. మనకి జిమ్‌కి నెల రోజులు పోవడమే గగనం.

ఇక్కడ మన సీఎస్ఈ వాళ్ళం ఎంట్రీ ఇస్తాం. ఏ హ్యాకథాన్‌లో అయినా హెల్త్‌కేర్ థీమ్ ఇస్తే కనీసం నాలుగు టీములు మెడిసిన్ రిమైండర్ యాప్ తెస్తాయి. ఉదయం ఎనిమిదికి నోటిఫికేషన్, గ్రీన్ టిక్, వారం స్ట్రీక్. జనం మర్చిపోతున్నారు కాబట్టి గుర్తుచేస్తే సరిపోతుంది అనే లెక్క.

ఈ లెక్క నిజమా అని చూసినవాళ్ళున్నారు. దక్షిణ భారతంలోనే 631 మంది మీద రెండేళ్ళ పాటు ఒక ట్రయల్ చేశారు. వారానికోసారి ఆటోమేటిక్ వాయిస్ కాల్ వస్తుంది, బటన్ నొక్కి జవాబు చెప్పాలి, ఇంకా ఒక బొమ్మ మెసేజ్ వస్తుంది. 2014లో ఫలితాలు బీఎంజేలో వచ్చాయి. కాల్స్ వచ్చినవాళ్ళకి, రానివాళ్ళకి చికిత్స విఫలం కావడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

దానికి నాలుగేళ్ళ ముందు, 2010లో, కెన్యా నుంచి ఇంకో ట్రయల్ ల్యాన్సెట్‌లో వచ్చింది. అక్కడ మూడు క్లినిక్‌లలో 538 మంది. నర్సు వారానికి ఒక ఎస్ఎంఎస్ పంపుతుంది: ‘మాంబో?’ అంటే స్వాహిలీలో ‘ఏం సంగతి?’ అని. అంతే. మందు మాటే లేదు. బాగుంటే ‘సావా’ అని, ఇబ్బంది ఉంటే ‘షిదా’ అని రెండు రోజుల్లో జవాబివ్వాలి. ఇబ్బంది అన్నవాళ్ళకి, జవాబే ఇవ్వనివాళ్ళకి నర్సు ఫోన్ చేస్తుంది. మెసేజ్‌లు అందినవాళ్ళలో 62 శాతం మంది మందులు సరిగ్గా వేసుకున్నారు, అందనివాళ్ళలో 50 శాతం. వైరస్ అదుపులో ఉన్నవాళ్ళు కూడా వీళ్ళలోనే ఎక్కువ.

దేశాలు వేరు, మనుషులు వేరు, నిజమే. రెండిటినీ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పేయకూడదు. అయినా నాకు అర్థమైంది ఏమంటే, ఒకచోట మెషీన్ అడిగింది. ఇంకోచోట అడిగినాక వినడానికి ఒక మనిషి ఉంది. టెక్నాలజీ పరంగా చూస్తే కెన్యాది మామూలు ఎస్ఎంఎస్, మన ఫస్టియర్ పిల్లోళ్ళు కూడా నవ్వుతారు.

మన వైపు సంగతి చూద్దాం. తిరుపతిలో రుయాలో ఏఆర్‌టీ సెంటర్ ఉంది. సత్యవేడు వైపు నుంచో శ్రీకాళహస్తి పక్క పల్లెనుంచో వచ్చే మనిషికి ఒక రోజు కూలి పోతుంది. ఆగస్టు 15, 2025 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీలో టికెట్ లేదు, మంచిదే, కానీ పోయిన కూలి ఎవరిస్తారు? ఇంట్లో ‘యాడికి పోతాండావు’ అని అడిగితే ఏం చెప్పాలి? దగ్గర్లో సెంటర్ ఉన్నా, తెలిసినవాళ్ళు కనపడతారని దూరం పోయేవాళ్ళూ ఉంటారు. ఇంకా మన చిత్తూరోళ్ళ బతుకే రెండు బార్డర్ల మధ్య. పని దొరికితే బెంగళూరు, లేకుంటే చెన్నై. సైటు మీద నెల రోజుల పనికని పోయి ఆర్నెల్లు ఉండిపోతే, డబ్బాలో మాత్రలు అయిపోతాయి. వేరే రాష్ట్రం సెంటర్‌కి మారొచ్చు, పద్ధతి ఉంది. కానీ కాంక్రీటు పని చేసే మనిషి ఆ కాగితాల కోసం ఒక రోజు, కొత్త ఊళ్ళో సెంటర్ వెతుక్కోవడానికి ఇంకో రోజు ఎక్కడ తెస్తాడు? ఇందులో మర్చిపోవడం ఎక్కడుంది? ఏ అలారం మోగితే ఇది తీరుతుంది?

ఫోన్ విషయం కూడా చెప్పాలి. మా ఇంట్లో అమ్మ ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లన్నీ చదివేది నేనూ మా చెల్లే. ఓటీపీ, గ్యాస్, బ్యాంకు, ఏదైనా సరే. మీ ఇళ్ళల్లో కూడా ఇంతే కదా. అట్లాంటి ఫోన్‌కి ‘మీ ఏఆర్‌టీ మందుల తేదీ రేపు’ అని ఒక్క మెసేజ్ వస్తే ఏమవుతుందో ఊహించుకోండి. 2017 హెచ్‌ఐవీ చట్టం, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. అనుమతి లేకుండా ఒకరి హెచ్‌ఐవీ సంగతి బయటపెట్టకూడదు, రికార్డులు ఉంచుకునే సంస్థ ఆ డేటాని కాపాడాలి అంటుంది. మన ప్రాజెక్టుల్లో ఫైర్‌బేస్ కీ గిట్‌హబ్‌లో పెట్టేసి నిద్రపోయే బ్యాచ్‌లు ఈ మాట రెండుసార్లు చదవాలి.

మరి మనం చేయగలిగింది ఏమీ లేదా? ఉంది, కానీ అది పేషెంట్ ఫోన్‌లో కాదు, క్లినిక్ వైపు. నాకో దగ్గర సోచ్ అనే ఐటీ వ్యవస్థ ఇప్పటికే ఉంది, కాబట్టి ఇంకో డేటాబేస్ కట్టాల్సిన పని లేదు. రాకుండా పోయిన మనిషి కోసం మూడు నెలల తర్వాత వెతికితే ఫోన్ నంబర్ మారిపోయి ఉంటుంది, ఊరు మారిపోయి ఉంటుంది. మూడో రోజు వెతికితే దొరుకుతాడు. అందుకే కౌన్సెలర్ పొద్దున కుర్చీలో కూర్చోగానే ఈ రోజు ఫోన్ చేయాల్సిన పదిమంది ఎవరో, ముందు ఎవరికి చేయాలో కనపడాలి. పోయినసారి లేటుగా వచ్చినవాళ్ళు, కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు, పనికి వేరే ఊరు పోతానని చెప్పినవాళ్ళు పైన ఉండాలి. మెషీన్ లెర్నింగ్ కూడా అక్కర్లేదు, ఒక సార్టింగ్ చాలు. కుదురుగా ఉన్నవాళ్ళకి ఒకేసారి మూడు నెలల మందులిచ్చే పద్ధతి ఉంది. ఎవరికి ఇవ్వొచ్చో ఆ స్క్రీన్ మీదే కనపడితే వాళ్ళకి తిరుగుడు తగ్గుతుంది, కౌన్సెలర్‌కి మిగతావాళ్ళ కోసం టైం దొరుకుతుంది.

కౌన్సెలర్ల మీద ఇప్పటికే బండెడు పని ఉంది, ఇంకా ఫోన్లు కూడానా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే మనుషులు కావాలి, జీతాలు కావాలి. 2013లో విహాన్ పేరుతో మొదలైన కార్యక్రమంలో హెచ్‌ఐవీతో బతుకుతున్నవాళ్ళే ఇళ్ళకి పోయి మాట్లాడేవాళ్ళు. మనసులో మాట అట్లాంటివాళ్ళతో చెప్పుకున్నట్టు డాక్టర్‌తో కూడా చెప్పుకోరు. సాఫ్ట్‌వేర్‌కి పెట్టే డబ్బులో సగం అట్లాంటి ఉద్యోగాలకి పెట్టాలని నా అభిప్రాయం. సీఎస్ఈ చదువుతూ ఈ మాట అంటున్నానని మా బ్యాచ్ వాళ్ళు తిట్టుకున్నా పర్లేదు.

‘మాంబో?’కి మన దగ్గర మాట ఏది అని చాలాసేపు ఆలోచించాను. ‘బాగుండారా?’ సరిపోతుంది. ఎవరు చదివినా ఏ అనుమానం రాదు, అత్తో పిన్నో పెట్టినట్టే ఉంటుంది. జవాబు ‘బాగుండా’ లేదా ‘ఫోన్ చెయ్’. చదువు రానివాళ్ళకి మిస్డ్ కాల్ చాలు. ఫైనల్ ఇయర్‌లో దీని మీద ప్రాజెక్టు చేద్దామనుకుంటున్నాను. నిజమైన పేషెంట్ల డేటా ముట్టుకోకుండా, ఉత్తుత్తి పేర్లతోనే. కోడ్ రాసే ముందు ఒక కౌన్సెలర్ అనుమతి తీసుకుని, వాళ్ళ రోజు ఎట్లా గడుస్తుందో అడిగి తెలుసుకోవాలి. టీంలో ఇంకా ఇద్దరికి చోటుంది. యాప్ ఐడియాతో వచ్చేవాళ్ళు మాత్రం రావద్దు.