తప్పు వేలిది కాదు

చౌక ధరల దుకాణాల్లోకి ఈ-పాస్ యంత్రం వచ్చి పదేళ్లు దాటింది. 2015లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలై, ఆ తర్వాత తెలంగాణకూ వచ్చింది. ఈ పదేళ్లలో దాని చుట్టూ ఒక మాట పాతుకుపోయింది. యంత్రం అబద్ధం చెప్పదు, బియ్యం దొంగలకు కళ్లెం పడింది, అక్కడక్కడా వేలిముద్ర పడకపోవడం, సర్వర్ మొరాయించడం లాంటివి చిల్లర ఇబ్బందులు, సర్దుకుపోవాలి అని. అధికారులు అంటారు, పత్రికలు రాస్తాయి, క్యూలో నిలబడే పని లేని మనబోటివాళ్లం తలూపుతాం. ఆ చిల్లర ఇబ్బందులే అసలు సంగతని నేనంటాను.

యంత్రం వల్ల మేలే లేదని నా వాదన కాదు. ఒక ఊరి కార్డుతో మరో ఊళ్లో బియ్యం తెచ్చుకునే వీలు దానివల్లే వచ్చింది. 2019 ఆగస్టులో ‘ఒకే దేశం ఒకే రేషన్’ను ముందుగా మన రెండు తెలుగు రాష్ట్రాల మధ్య, గుజరాత్ మహారాష్ట్రల మధ్య మొదలుపెట్టారు. శ్రీకాకుళం నుంచి హైదరాబాదు వచ్చి కట్టుబడి పనులు చేసుకునే కుటుంబానికి అది చిన్న ఊరట కాదు. డీలరు విసుక్కుంటే పక్క దుకాణానికి పోగలగడం కూడా మంచిదే. ఇవన్నీ ఒప్పుకున్నాకే అడుగుతున్నాను: యంత్రం పనిచేయని రోజున నష్టం ఎవరి ఖాతాలో పడుతోంది?

చూడబోతే అదొక అరచేతి కంప్యూటరు. ఒక బ్యాటరీ, ఒక సిమ్ము, వేలు పెట్టే చిన్న అద్దం, చీటీ కొట్టే ప్రింటరు. ఆంధ్రలో దానికి బ్లూటూత్‌తో ఎలక్ట్రానిక్ కాటాను కూడా కలిపారు. అవతల రాష్ట్రం సర్వరు, దాని వెనక ఆధార్ సర్వరు. ఈ ఏడూ ఒకేసారి ఒళ్లు వంచితేనే సంచిలో బియ్యం పడతాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వీ-1 ఎగిరే బాంబును రూపొందించిన జర్మన్ ఇంజినీరు రాబర్ట్ లుసర్ పేరున ఒక సూత్రం ఉంది. వరసగా ఒకదాని మీద ఒకటి ఆధారపడే భాగాల నమ్మకం ఎంతో తెలియాలంటే అన్నిటినీ గుణించాలి. అన్నిటికన్నా బలహీనమైన భాగమెంతో మొత్తం యంత్రమూ అంత గట్టిదే అనుకుంటాం గానీ, నిజానికి మొత్తం దానికన్నా బలహీనం. ఏడు భాగాల్లో ఒక్కొక్కటీ నూటికి 98 సార్లు సరిగా పనిచేస్తుందనుకోండి. మెచ్చుకోదగ్గ పనితనమే. గుణించి చూడండి, నూటికి 87 కూడా దాటదు. అంటే ఏ భాగమూ మరీ చెడ్డది కాకుండానే వందలో పదమూడు మంది ఖాళీ సంచితో వెనక్కి పోవచ్చు. ఇందులో ఎవరి కుట్రా అక్కర్లేదు. రేకుల షెడ్డు కింద మే నెల వేడికి ముసలిదైపోయే బ్యాటరీ, నెలమొదట్లో అన్ని దుకాణాల వాళ్లూ ఒకేసారి మీద పడితే ఊపిరాడని సర్వరు చాలు.

ఇక వేలిముద్ర సంగతి. ‘వేలు అరిగిపోయింది’ అనే మాట దుకాణం దగ్గర ఎంత తేలిగ్గా వినపడుతుందో! గుంటూరు వైపు మిరప కోతల నెలల్లో చూడండి. కారం మంటకు వేళ్ల చివర్లు ఉబ్బి తోలు లేచిపోయి ఉంటుంది. సిమెంటు కలిపే మేస్త్రీ కూలీ చెయ్యి పగుళ్లు తీస్తుంది. నిజామాబాదు పల్లెల్లో ఏళ్ల తరబడి బీడీలు చుట్టిన బొటనవేలు నున్నబడిపోతుంది. ఒక పెద్దావిడ ముందు చూపుడువేలు పెడుతుంది. పడదు. డీలరు “మామ్మా, కొంగుతో తుడుచుకుని పెట్టు” అంటాడు. మళ్లీ పడదు. నడిమివేలు, ఎడంచెయ్యి, బొటనవేలు. “చేతులు కడుక్కుని రా పో” అంటాడు. ఆవిడ పంపు దగ్గరికి పోయి వచ్చేలోగా క్యూ ముందుకు జరిగిపోతుంది. చివరికి “సర్వర్ లేదు, రేపు రా”. రేపు అంటే ఒక రోజు కూలీ. ఈలోగా ఆవిడ తన వేళ్లకేసి అలా తిప్పి తిప్పి చూసుకుంటుంది, తప్పు అక్కడే ఉన్నట్టు.

ఇందులో అన్యాయం ఏమిటంటే ఈ వైఫల్యం అందరి మీదా సమంగా పడదు. మనలాంటి మెత్తని వేళ్లవాళ్లకు మొదటిసారికే ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. ఎవరు పని ఎక్కువ చేశారో, ఎవరు ఎక్కువ కాలం బతికారో వాళ్లనే యంత్రం గుర్తుపట్టదు. కాబట్టి ‘ఐదు శాతమే కదా’ అనేవాళ్లు ఒకటి గమనించాలి. 2016–17 కేంద్ర ఆర్థిక సర్వే ఆధార్ ధ్రువీకరణ వైఫల్యాల అంచనాలు ఇచ్చింది: ఝార్ఖండ్‌లో 49 శాతం, రాజస్థాన్‌లో 37, గుజరాత్‌లో 6, మన కృష్ణా జిల్లాలో 5. కృష్ణా జిల్లాను అందరూ మెచ్చుకున్నారు, మిగతా వాటి పక్కన మెచ్చుకోవలసిందే. కానీ వేలు అరిగినవాడికి ఈ నెల అరిగి పై నెల మొలవదు. ఆ ఐదుగురిలో నలుగురు నెలనెలా వాళ్లే అయితే అప్పుడు శాతాలతో ఏం పని? పైగా 2018లో ఆధార్ సంస్థ అధిపతే సుప్రీంకోర్టు ఎదుట ప్రభుత్వ సేవల్లో ధ్రువీకరణ 88 శాతమే సఫలమవుతోందని చెప్పారు.

దొంగతనం తగ్గిందిగా అంటారు. తగ్గిన చోట సంతోషమే. కానీ ఝార్ఖండ్‌లో కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ పెద్ద ఎత్తున జరిపిన అధ్యయనం ఏం తేల్చిందో చూడండి. వేలిముద్ర పెట్టించినంత మాత్రాన సగటున దొంగతనం తగ్గలేదు. కార్డుదారుకు బియ్యం తెచ్చుకునే ఖర్చు మాత్రం 17 శాతం పెరిగింది. తూకంలో కొట్టేవాడికి వేలిముద్ర అడ్డమా? ముద్ర పడ్డాక కూడా కొట్టవచ్చు.

నన్ను అన్నిటికన్నా చికాకు పెట్టేది మరొకటి. అదే దుకాణంలో కాటా ఉంది. ఏటా తూనికలు కొలతల శాఖ వాళ్లు దాన్ని పరీక్షించి ముద్ర వేయాలి, ముద్ర లేకపోతే డీలరు జరిమానా కట్టాలి. బియ్యం ఎన్ని కిలోలో చెప్పే కాటాకు ఇంత కాపలా. అసలు బియ్యం ఇవ్వాలో వద్దో తేల్చే యంత్రానికి? వేలిముద్ర పరికరానికి ధ్రువపత్రం ఉంటుంది నిజమే, అది ఆ నమూనాకు. మీ ఊరి షాపులో నాలుగేళ్లుగా గీతలు పడిన అద్దానికి కాదు. పైగా బియ్యం ఇస్తే చీటీ వస్తుంది. ఇవ్వకపోతే చీటీ రాదు. ఆవిడ వచ్చిందని, నాలుగు వేళ్లు పెట్టిందని, ఉత్త చేతుల్తో పోయిందని ఆవిడ చేతిలో ఏ కాగితమూ ఉండదు. బ్యాటరీ చచ్చిన యంత్రమైతే తన చావును కూడా నమోదు చేయలేదు. మరి ‘యంత్రం అబద్ధం చెప్పదు’ అన్న నమ్మకం ఎక్కడి లెక్కల మీద నిలబడింది? అది చెప్పని నిజాల సంగతి ఎవరు రాస్తారు?

కంటిపాప పరికరాలు, ఓటీపీలు వచ్చాయిగా అంటారు. కొవిడ్ భయంతో 2021 ఫిబ్రవరి నుంచి తెలంగాణలో వేలిముద్ర బదులు ఇవి పెట్టినప్పుడు, ఫోను నంబరు కలుపుకోవడానికి జనం ఆధార్ కేంద్రాల ముందు బారులు తీరారు. ఒక క్యూ పోయి ఇంకో క్యూ వచ్చింది. ప్రతి మందూ మళ్లీ అదే భాగాల గొలుసుకు ఇంకో కొక్కెం తగిలించడమే. లుసర్ లెక్క ప్రకారం చూసినా అది తప్పు దారి. సులువైన దారి ఒకటుంది. యంత్రం మొండికేసినప్పుడు గొలుసును తప్పించి, మనిషిని చూసి బియ్యం ఇచ్చి, పుస్తకంలో రాసుకోవడం.

ఇది నా ఊహేం కాదు. 2017 అక్టోబరు 24న కేంద్ర ఆహార శాఖే రాష్ట్రాలకు రాసింది: వేలిముద్ర పడలేదనో నెట్‌వర్క్ లేదనో ఎవరినీ వెనక్కి పంపవద్దు, అలాంటి పంపిణీని వేరే రిజిస్టరులో నమోదు చేయండి అని. ఈసారి మీ అమ్మనో, మీ ఇంట్లో పనిచేసే ఆవిడనో డీలరు “రేపు రా” అని పంపేస్తే వాళ్ల వెంట మీరు వెళ్లండి. వేళ్లు కడగమనకండి. ఆ రిజిస్టరు ఎక్కడుందో చూపించమని అడగండి.