గ్రామసభ పాఠం ఎవరు చెప్పాలి?

సార్వత్రిక, ఆన్‌లైన్ విశ్వవిద్యాలయాలు ఆదివాసీ స్వపరిపాలన మీద కోర్సులు పెట్టాలని అడుగుతున్నది మనమే. పాడేరులోనో ఉట్నూరులోనో డిగ్రీ మధ్యలో ఆపేసిన అమ్మాయికి, సెలవు దొరకని ఆశ్రమ పాఠశాల టీచరుకి, వార్డు మెంబరుగా గెలిచి పీసా చట్టం సంగతేమిటో తెలుసుకోవాలనుకునే కుర్రవాడికి అంతకంటే దగ్గరి దారి లేదు. 1982లో హైదరాబాద్‌లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది ఇలాంటివాళ్ళ కోసమే. ఇవాళ దానికి బాబాసాహెబ్ పేరుంది. కాబట్టి కోర్సుతో నాకు పేచీ లేదు. దానికి అధ్యాపకుల్ని ఎంచుకునే పద్ధతితోనే పేచీ.

మామూలు కాలేజీలో తప్పు మనిషిని తీసుకుంటే ఆ నష్టం ఒక తరగతి గదిలో ఉంటుంది. ఆన్‌లైన్‌లో అలా కాదు. ఒకసారి రికార్డు చేసిన పాఠం ఏళ్ళ తరబడి, వేలమంది ముందు, అదే గొంతుతో నడుస్తూ ఉంటుంది. ఆ గొంతు ఎవరిదన్నది చిన్న విషయం కాదు.

సబ్జెక్టు ఎలాంటిదో చూడండి. భూరియా కమిటీ సిఫార్సుల మీద 1996లో వచ్చిన పీసా చట్టం గ్రామసభను కేంద్రంలో పెట్టింది. తగవులు తమ ఆచారం ప్రకారం తీర్చుకునే అధికారాన్ని గుర్తించింది. 1997లో సమత తీర్పు షెడ్యూల్డ్ ప్రాంతాల భూములను ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వడం కుదరదంది. 2013లో సుప్రీంకోర్టు ఆదేశం మీద నియమగిరిలో 12 గ్రామసభలు జరిగితే, పన్నెండూ బాక్సైట్ తవ్వకాన్ని వద్దన్నాయి. ఇవన్నీ సెక్షన్లుగా, తీర్పులుగా ఎవరైనా చెప్పగలరు. కానీ జిల్లా జడ్జి ఎదుట కూర్చుని, తమ భాషలో, ఆ కొండ మాకు దేవుడని డోంగ్రియా కోందులు చెప్పినప్పుడు అది భక్తా, ఆస్తి హక్కా, పరిపాలనా? ఊళ్ళో పెద్ద ఎప్పుడు నోరు విప్పుతాడు, ఆడవాళ్ళ మాట ఎక్కడ తెగ్గొడతారు, ఐటీడీఏ అధికారి వచ్చి కూర్చోగానే సభ ఎందుకు మూగబోతుంది? ఇది చెప్పలేని కోర్సు గ్రామసభను పంచాయతీ మీటింగులాగే చూపిస్తుంది.

ఇప్పుడు ఎంపిక పట్టిక చూద్దాం. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ షార్ట్‌లిస్టుకు 100 మార్కులు. అందులో పీహెచ్‌డీకి 30, పీజీకి గరిష్ఠంగా 25, ప్రచురణలకు 10, బోధనానుభవానికి 10. పదేళ్ళు గ్రామసభలతో తిరిగిన అనుభవానికి సున్నా. ఆ పైన, షార్ట్‌లిస్టు దాటాక ఈ మార్కులన్నీ పక్కకు పోతాయి. తుది ఎంపిక ఇంటర్వ్యూ మీదే. అంటే ఎవరు లోపలికి రావాలో పట్టిక చెబుతుంది, ఎవరు ఉండాలో కమిటీ గదిలో కూర్చున్నవాళ్ళు చెబుతారు.

ఆ గదిలో నేనూ ఒకసారి కూర్చున్నాను, ఎస్సీ, ఎస్టీ వర్గాల తరఫు సభ్యుడిగా. సంస్థ పేరు అనవసరం. పీసా అమలు మీద పీహెచ్‌డీ చేసిన కొండదొర యువతి వచ్చింది. అడిగిన మొదటి ప్రశ్న: "చూడమ్మా, మీవాళ్ళ గురించి మీరే రాసుకుంటే నిష్పాక్షికత ఎక్కడిది?" రెండోది, స్టూడియోలో కెమెరా ముందు ఈ యాసతో ఎలా చెబుతారని. ఆమె కంటే ముందు వచ్చిన అభ్యర్థి తన సొంత కులం జమీందారీ మీద పరిశోధన చేశాడు. అతన్ని నిష్పాక్షికత గురించి ఎవరూ అడగలేదు. నేను అసమ్మతి రాసి సంతకం పెట్టాను. ఫలితం మాత్రం అందరికీ తెలిసిన ఆ మూడు ఇంగ్లీషు మాటలే: నాట్ ఫౌండ్ సూటబుల్. తర్వాత ఆ పాఠాలను గంటల లెక్కన గెస్ట్ ఫ్యాకల్టీతో రికార్డు చేయించారు.

గంటల లెక్క అన్నదే అసలు కీలకం. పోస్టే లేకపోతే రోస్టరే లేదు. ఉన్నా, విభాగాన్ని యూనిట్‌గా తీసుకునే 13 పాయింట్ల రోస్టర్‌లో ఎస్సీ వంతు ఏడో పోస్టుకు, ఎస్టీ వంతు పద్నాలుగో పోస్టుకు వచ్చేది. ఇద్దరు ముగ్గురు అధ్యాపకులుండే విభాగంలో పద్నాలుగో పోస్టు ఏ జన్మకొస్తుంది? వీధుల్లోకి వచ్చి పోరాడితే 2019లో పార్లమెంటు చట్టం చేసి కేంద్ర విద్యాసంస్థల్లో విశ్వవిద్యాలయాన్నే యూనిట్ చేసింది. గెలిచామనుకునేలోపే పని కాంట్రాక్టులోకి, గెస్ట్‌లోకి జారిపోతోంది.

2022లో యూజీసీ తెచ్చిన ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ పద్ధతి ఈ చిక్కు విప్పుతుందని కొందరు మిత్రుల ఆశ. డిగ్రీలు అక్కర్లేదు, 15 ఏళ్ళ అనుభవం చాలు. గ్రామసభ పెద్దను కూడా పిలవొచ్చు కదా అంటారు. పిలవొచ్చు. కానీ అవి మంజూరైన పోస్టుల లెక్కలోకి రావు, గరిష్ఠంగా నాలుగేళ్ళే. రిటైరైన అధికారులు, కంపెనీ మేనేజర్లు వరుసలో ఉండగా కొండ మీది మనిషిని ఎవరు పిలుస్తారో నాకైతే అనుమానమే.

ఆదివాసీ పాలన ఆదివాసీలే చెప్పాలా అని అడిగేవాళ్ళున్నారు. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే ఇచ్చిన జీవో 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసిన దగ్గర్నుంచీ ఈ ప్రశ్నకు గొంతు పెరిగింది. నేను పుట్టుకను అర్హత పత్రం చేయమనడం లేదు. అలా చేస్తే దొంగ సర్టిఫికెట్లవాళ్ళే ముందుంటారు. చర్చకు రెండు వైపులూ పాఠంలోకి రావాలంటున్నాను. ఆదివాసులకు ఇంకా రాజకీయ అవగాహన ఏర్పడలేదని 1945 బొంబాయి ప్రసంగంలో అన్నది అంబేడ్కరే. ఏడాదిన్నర తర్వాత రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా లేచి, మాకు ప్రజాస్వామ్యం నేర్పక్కర్లేదు, మా దగ్గరే నేర్చుకోవాలన్నారు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి, బాబాసాహెబ్‌ను సైతం నిలదీస్తూ పాఠం చెప్పగల మనిషి కావాలి. అంబేడ్కరైట్లం మనం దానికి భయపడనక్కర్లేదు.

కాబట్టి నోటిఫికేషన్‌లో ఈ పోస్టు రెగ్యులర్‌గా, రోస్టర్‌లో కనబడాలి. కమిటీలో ఆ ప్రాంతపు ఆదివాసీ పరిశోధకులు కనీసం ఇద్దరు ఉండాలి. గ్రామసభ అనుభవానికి మార్కులుండాలి. "తగినవారు లేరు" అని రాస్తే ఎందుకు లేరో అభ్యర్థికి రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇంకొకటి, దీన్ని ఎవరూ ఎత్తడం లేదు: ఊరి ఆచారాలను, తీర్పులను కెమెరాకెక్కించే ముందు ఆ ఊరి గ్రామసభ తీర్మానం తీసుకోవాలి, అధ్యాపకురాలు ఉద్యోగం మానేసినా ఆ రికార్డింగు మీద ఆ ఊరికి మాట ఉండాలి.