ఇంట గెలవనివారికి రచ్చ సాకు కారాదు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. తెలుగు ఉపాధ్యాయుని ఖాళీ నిండనప్పుడు, పాఠ్యపుస్తకాలు సకాలంలో అందనప్పుడు కొందరు మిత్రులు ఈ సామెతనే ఎత్తుకొని, "పొరుగు దేశాలలో ఆనకట్టలు కట్టడానికి సొమ్మున్నది గాని మన పిల్లల చదువుకు లేదా?" అని ప్రశ్నిస్తున్నారు. వారి ఆవేదన న్యాయమైనదే. వాదన మాత్రం గురి తప్పినది.

భూటాన్ సంగతే చూడండి. అక్కడి చుఖా జలవిద్యుత్ కేంద్రాన్ని (336 మెగావాట్లు) మన దేశమే నూటికి 60 వంతులు గ్రాంటుగా, 40 వంతులు ఋణంగా ఇచ్చి కట్టించింది. టాలా కేంద్రానిదీ (1,020 మెగావాట్లు) అదే పద్ధతి. వాటి మిగులు విద్యుత్తు మన దేశానికే వచ్చింది. దీనిని దండుగ అనగలమా? అయితే 2008లో మొదలైన పునాత్సాంగ్‌ఛు-1 మాటేమిటి? 2013లో ఆనకట్ట వద్ద కొండచరియ కదిలింది. వ్యయం అంచనాలను మించి పెరిగిపోయింది. 2025 నాటికీ పని పూర్తికాలేదు. అక్కడ కొండ గట్టిదనాన్ని ముందుగా సరిగా పరీక్షించారా అని నిలదీయవలసిందే. సొమ్ము ఏ దేశంలో ఖర్చయినదన్నది కాక, ఏమి ఫలించినది, ఎవరు జవాబుదారులు అన్నదే గీటురాయి.

లెక్క కూడా చూద్దాము. 2024-25 కేంద్ర బడ్జెట్టు సుమారు 48 లక్షల కోట్లు. అందులో భూటాన్‌కు కేటాయించినది 2,068 కోట్లు. అనగా వేయి రూపాయలలో అర్ధరూపాయి కన్న తక్కువ. పైగా మన ఉపాధ్యాయుల జీతాలు ప్రధానంగా రాష్ట్ర ఖజానా నుండి రావలసినవి. ఆ అర్ధరూపాయిని ఆపినంత మాత్రాన అది మన బడి గడప తొక్కదు.

మన హక్కు వేరే చోట ఉన్నది. 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా కృషి చేయాలని చెప్పుచున్నది. హోసూరుకైనా, బళ్ళారికైనా, బరంపురానికైనా ఇది వర్తిస్తుంది. భూటాన్‌ను తిట్టినంత కాలం, ఈ బాకీ పడినవారు హాయిగా తప్పించుకుంటారు.

కనుక ఉపాధ్యాయ మిత్రులారా, తల్లిదండ్రులారా! మీ జిల్లాలో మంజూరైన తెలుగు పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని, పుస్తకాలు ఏ నెలలో చేరినవి అని 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద వ్రాతపూర్వకంగా అడగండి. వచ్చిన జవాబును బడి సమావేశంలో అందరికీ చదివి వినిపించండి.