పొలమారితే ఎవరు తలచుకున్నట్టు?

పిల్లలూ! కబుర్లు చెబుతూ అన్నం తింటారు. ఉన్నట్టుండి పొలమారుతుంది. కళ్ళ నీళ్ళు తిరుగుతాయి, ఉలవచారు ముక్కులోకి ఎక్కుతుంది. నాయనమ్మ మీ నడినెత్తిన తట్టి, "ఎవరో తలచుకుంటున్నారు" అంటుంది. తలచుకున్నది ఎవరో గాని, మీ గొంతులో జరిగిన సంగతి ఇది.

నోటి వెనక రెండు దారులున్నాయి. ముందున్నది గాలిగొట్టం, దాని వెనకది అన్నవాహిక. అంటే, మింగిన ప్రతి ముద్దా గాలిగొట్టం గుమ్మం దాటుకునే పోవాలి! అందుకని ఆ గుమ్మానికొక మూత వున్నది. గొంతు మీద వేలు పెట్టుకుని గుటక వేసి చూడండి. లోపలి ముడి పైకి లేస్తుంది. అది లేచినప్పుడు మూత వాలుతుంది, ఊపిరి క్షణంసేపు ఆగుతుంది, ముద్ద వెనక దారిన జారిపోతుంది. మన కాలవల మీద లాకుల దగ్గర ఒక తలుపు దించి ఇంకొకటి ఎత్తుతారే, అల్లాగన్నమాట. మాట్లాడుతూ మింగితే తలుపు సమయానికి పడదు. మెతుకు తప్పుదారి పడుతుంది. దగ్గు దాన్ని బయటికి తోస్తుంది.

మీకు ఈ పని తెలియకుండానే జరిగిపోతుంది. మరి చంటిపిల్లల మాటేమిటి? చీకడం, మింగడం, ఊపిరి పీల్చడం మూడూ తాళం తప్పకుండా నడవాలి. ఆ తాళం తల్లి కడుపులో సుమారు 34 వారాలు నిండేసరికి గాని కుదరదు. అంతకు ముందే పుట్టిన పసికందుకు తాగాలని వున్నా తాగడం చేతకాదు. మరీ ముందు పుట్టినవారికి సన్నని గొట్టం ద్వారా కడుపులోకి పాలు పంపుతారు. కొంచెం ఎదిగినవారికి చెంచాతోనో, ఉగ్గుగిన్నెతోనో పడతారు.

ఉగ్గుగిన్నె చూశారా? పిట్టముక్కులాంటి కొన వున్న చిన్న గిన్నె. అమ్మమ్మగారి అటక మీద వుండవచ్చు. పొరుగున తమిళులు దీన్ని పాలడై అంటారు. పాత వస్తువని మనం పక్కన పెట్టినదాన్ని ఆసుపత్రులలో పసికందుల వార్డులవారు బాగా మరిగించి శుభ్రం చేసి వాడుతున్నారు. అయితే వెనుకటివలె దానితో ఆముదం పోయకూడదు. బిడ్డ ఏడుస్తుండగా ముక్కు మూసి నోట్లో నూనె పోస్తే అది ఊపిరితిత్తులలోకి పోయి పెద్ద జబ్బు తెస్తుంది. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే చాలు.

కొందరు పిల్లలు గ్రహణం మొర్రితో పుడతారు. ప్రపంచంలో సుమారు 700 మందిలో ఒకరికి ఇది వుంటుంది. పెదవి చీలి వుంటుంది, ఒక్కొక్కప్పుడు అంగిలి కూడా. బొండంలో వేసిన గొట్టానికి నడుమ చిల్లు వుంటే ఎంత పీల్చినా నీళ్ళు రావు గదా? చీలిన అంగిలితో పాలు చీకడమూ అంతే. తాగిన కాసిని పాలూ ముక్కు వెంట వస్తాయి. తల్లి గ్రహణం నాడు కత్తిపీట ముట్టుకున్నదని ఇరుగుపొరుగు ఆడిపోసుకుంటారు. ఇది అన్యాయం. పెదవి, అంగిలి అతుక్కోవడం గర్భం మొదటి మూడు నెలల్లోనే ముగుస్తుంది. గ్రహణాలు ఎప్పుడో వస్తాయి. ఇట్లాంటి బిడ్డలు రోజూ పుడుతూనే వున్నారు! బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి కొంచెం కొంచెంగా పాలు పట్టాలి. పెదవికి మూడు నుంచి ఆరు నెలల మధ్య, అంగిలికి సుమారు ఏడాది వయసులో ఆపరేషన్ చేస్తారు.

బిడ్డ సరిగా మింగుతున్నదీ లేనిదీ డాక్టరు ఎట్లా కనిపెడతాడు? ముందు తల్లిని అడుగుతాడు. పాలు పట్టడానికి అరగంట దాటుతున్నదా? నడుమ చెమట పడుతున్నదా, పెదవులు నీలమవుతున్నాయా? తాగాక గొంతు గురగురమంటున్నదా? మాటిమాటికీ న్యుమోనియా వస్తున్నదా? తరువాత బరువు తూస్తాడు, వేలితో అంగిలి తడుముతాడు. అన్నిటికన్న ముఖ్యం, తల్లి పాలు పడుతుండగా పక్కన కూర్చుని చూస్తాడు. నన్నడిగితే, ఏ యంత్రమూ ఆ చూపుకు సాటిరాదు.

అయినా యంత్రం అవసరమయ్యే సందర్భం ఒకటి వున్నది. కొందరు పిల్లలకు పాలు తప్పుదారిన పోయినా దగ్గే రాదు! అప్పుడు పాలలో బేరియం కలిపి, మింగుతుండగా ఎక్స్‌రే తెర మీద చూస్తారు. రాంట్జెన్ 1895లో ఎక్స్ కిరణాలు కనిపెట్టాడు. మరుసటి ఏడే అమెరికాలో హార్వర్డ్ వైద్య విద్యార్థి వాల్టర్ కానన్ పెద్దబాతుకు తిండి పెట్టి, అది మెడలో దిగడం ఆ కిరణాలతో చూశాడు. కోతలయ్యాక మన చేలల్లో దిగే బాతుల మందలను చూస్తే, ఆయనకు బాతు ఎందుకు నచ్చిందో తెలుస్తుంది. అంత పొడుగు మెడలో ముద్ద ప్రయాణం తీరిగ్గా చూడవచ్చు.

పెద్దలకొక మాట. 2013లో మొదలయిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటినుంచి 18 ఏళ్ళ దాకా పిల్లలను ఉచితంగా పరీక్షిస్తారు. గ్రహణం మొర్రి ఆ జాబితాలో వున్నది. ఆశా కార్యకర్తకో, అంగన్‌వాడీలోనో చెప్పండి.

ఇక పిల్లలూ, భోగినాడు తమ్ముడికో చెల్లాయికో భోగిపళ్ళు పోస్తారు గదా? పేరంటాళ్ళు వెళ్ళగానే చాప కింద కూడా వెతికి రేగిపళ్ళు, శనగలు, చిల్లర డబ్బులు అన్నీ ఏరెయ్యండి. పాకే పిల్లలకు మీకన్న ముందే కనిపిస్తాయి అవి.