భీమ్ చేతికి తుపాకీ ఇచ్చారు, అర్జీ కాగితం ఏదీ?



కొమురం భీమ్ మీద పట్నంలో కొత్తగా వేసిన సంగీత నాటకం చూసొచ్చిన. రెండున్నర గంటలు. తెర మీద అడవి, పొగ, వాన, అన్నీ ఉన్నయి. పాటలు బాగున్నయి, అబద్ధమెందుకు? భీమ్ వేషం కట్టిన పిల్లగాడి గొంతు ఒళ్లు జలదరింపజేసింది. చప్పట్లు నేనూ కొట్టిన. అయినా ఈ నాటకంతో మనకు పేచీ ఉంది.

మొదటి అంకంలోనే పట్నం నుంచి ఒక పెద్దమనిషి వస్తడు. భీమ్‌కు 'హక్కు' అనే మాట నేర్పుతడు. దాని మీద ఒక పాట. అంటే అప్పటిదాకా భీమ్‌కు కోపం తప్ప ఆలోచన లేదన్నట్టు! 2022లో 'ఆర్ఆర్ఆర్' సినిమా చివర్లో ఏం చేశారో గుర్తుందా? భీమ్ పాత్ర తనకు చదువు కావాలని అడుగుతది, రామరాజు పాత్ర జెండా మీద 'జల్ జంగిల్ జమీన్' అని రాసిస్తది. 1940లో జోడేఘాట్‌లో నిజాం బలగాలు కాల్చి చంపిన మనిషికి ఎనభై ఏళ్ల తర్వాత అక్షరాభ్యాసం చేయించారు. ఈ నాటకం దాన్నే మళ్లీ పాడింది.

మన పెద్దలు చెప్పే భీమ్ వేరు. చాందా వైపు పోయి ప్రెస్సులో పని చేసుకుంటూ చదవడం, రాయడం నేర్చుకున్నడు. అస్సాం తేయాకు తోటల్లో కూలి చేసిండు. తిరిగొచ్చి అర్జీలు పెట్టిండు, పన్నెండు ఊళ్ల మీద మా అధికారం మాకు కావాలన్నడు. తుపాకీ ఆ తర్వాతి సంగతి. ఇంకోమాట. గుంజాలలో దొరికిన పాత గోండి రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. రాత మనకు ఎవరో దానమిచ్చింది కాదు.

ఇంత చిన్నదానికి రాద్ధాంతమా అంటరేమో. చదువురాని అమాయకుడి మీద జాలి పడితే సరిపోతది, అర్జీ పెట్టినోడికి జవాబు చెప్పాలె. 2006 అటవీ హక్కుల చట్టం కింద దరఖాస్తు పెట్టి, రసీదు పట్టుకుని తిరుగుతున్న మనోళ్లకు ఆఫీసుల్లో వినపడేది ఏంది? "మీకు తెల్వదు, మేం చూస్తం." వేదిక మీద ఆ పెద్దమనిషి పాడిందీ అదే, కాకపోతే రాగం కట్టి.

నాటకంలో దుర్మార్గుడు ఒక్కడే, నిజాం. అటవీ శాఖ ఊసే లేదు! బాబేఝరిలో గొడవ మొదలైందే అడవికి గీసిన హద్దుల దగ్గర, గార్డుల దగ్గర. నిజాం పాలన 1948లో పోయింది, హద్దులు పోలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులు జరిగిన నాడు ఏ నిజాం ఉన్నడు? సర్కారు లెక్కలోనే పదమూడు మంది చచ్చిపోయారు. పోయిన రాజును తిట్టుకుంటూ హాయిగా ఇంటికి పోవచ్చు, అందుకే ఆయన్ని పెట్టారు.

గుస్సాడీ గురించి రాయకుంటే నాకు నిద్ర పట్టదు. భీమ్ చనిపోగానే నెమలి ఈకల టోపీలతో పన్నెండు మంది దూకారు. దండారికి దీక్ష పట్టి, కోలబోడి నాడు అది విప్పేదాకా స్నానం కూడా చేయని వేషం అది. చావు దగ్గర వెనక వరుస గంతులకు ఎట్ల తెచ్చారు? ఊరు దాటొద్దని అనట్లేదు. 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజు తాత దాన్ని ఢిల్లీ దాకా తీసుకపోయిండు. కానీ ఏం తీసుకపోతున్నడో ఆయనకు తెలిసుండె. ఇక్కడేమో గోండి మాట ఒక్కటి లేదు. మనోళ్లు మాట్లాడాల్సిన చోట "హో... హో" అని కేకలు. థూ.

చివర్లో తెర మీద పేర్లు పడ్డయి. లైట్లు వేసినాయనకు పేరుంది, బట్టలు కుట్టినాయనకు పేరుంది. మనసుకు పట్టిన ఆ రెండు బాణీల దగ్గర మాత్రం 'సంప్రదాయ గోండు సంగీతం' అని రాశారు. కిక్రి వాయిస్తూ మన కథలన్నీ తరతరాలు నోటికి మోసుకొచ్చినోళ్లు ప్రధాన్లు. వాళ్లలో ఎవరి దగ్గర కూర్చుని నేర్చుకున్నరు? ఎంత ఇచ్చారు?

నాటకం వాళ్లకు ఒకటే మాట. తర్వాతి ప్రదర్శన ఉట్నూరులో పెట్టండి. ప్రధాన్ పెద్దలను ముందు వరుసలో కూర్చోబెట్టండి. టికెట్ కొనమంటే కొంటం.