విద్యార్థుల ప్రాజెక్టు – మార్గదర్శి బాధ్యత

“ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం” అను సామెత కళాశాలలలో తలపెట్టు సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులకు చక్కగా వర్తించును. పేరు ఘనముగా నుండును. గడువు ముగియునప్పటికి మిగులునది ధ్రువపత్ర మొక్కటే. ఈ దోషమును విద్యార్థులపై మోపుట పరిపాటి. దోషము ప్రణాళిక వేసిన మార్గదర్శిదని మా అభిప్రాయము.

ఇది మేము అనుభవముతో చెప్పుచున్న మాట. గత వేసవిలో మన గ్రంథాలయములోని ఉర్దూ, తెలుగు పుస్తకముల పట్టికను కంప్యూటరు కెక్కించు పనిని ఆరుగురు ఇంటర్నులకు అప్పగించి, మమ్ము మార్గదర్శిగా నియమించిరి. పట్టిక, పుస్తకముల ఎరువు, జరిమానా లెక్కలు, ఫోనులో హెచ్చరికలు, అన్నియు ఎనిమిది వారములలో కావలెనని వ్రాసి యిచ్చినది మేమే. ఒక్కటియు పూర్తి కాలేదు.

పట్టిక ఒక్కటే ఎంత పనియో మేము ముందుగా ఎరుగము. ఉర్దూ కుడినుండి యెడమకు నడచును. తెలుగు యెడమనుండి కుడికి. ఉర్దూ “యే”, “కాఫ్” అక్షరములకును, అరబ్బీలోని వాటికిని యూనికోడ్ సంఖ్యలు వేరు. ఒక కీబోర్డుతో ఎక్కించిన పేరు మరియొక దానితో వెదకినచో దొరకకపోవచ్చును. శ్రీశ్రీని ఆ పేరుతో వ్రాయవలెనా, శ్రీరంగం శ్రీనివాసరావు అని వ్రాయవలెనా? మఖ్దూం మొహియుద్దీన్‌ను ఏ అక్షరము క్రింద చేర్చవలెను? ఈ నిర్ణయములు మేము చేయవలసినవి, పిల్లలపై వదలితిమి.

ఐదవ వారములో కంగారుపడి మరి నలుగురిని చేర్చితిమి. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుష్యులను చేర్చినచో అది మరింత ఆలస్యమగునని, ఐ.బి.ఎం.లో అట్టి మహాకార్యమును నడపిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లోనే వ్రాసియున్నాడు. కొత్తవారికి నేర్పుటలో పాతవారి కాలము గడచిపోయినది. చివరి దినమున ఒక విద్యార్థిని, “ఈ చదువు మాలాంటి వాళ్లకు రాదేమో సార్” అనినది. ఆ మాట మమ్ము నేటికిని బాధించుచున్నది. ఆమెకు చదువు రాక కాదు. మాకు ప్రణాళిక వేయుట రాక.

కావున ఇంటర్నులు రాకమునుపే మార్గదర్శి గ్రంథపాలకునితో కూర్చుండి, ఆయనకు నిజముగా కావలసిన దొక్కటి యెన్నుకొనవలెను. పేరు వ్రాసిన పుస్తకము ఏ బీరువాలో నున్నదో తెలిపిన చాలును. రెండవ వారాంతమునకు యాభై పుస్తకములతోనైనను అది పనిచేయవలెను. గ్రంథపాలకుడు వాడి చూచి తప్పులు చెప్పవలెను. ఉర్దూ చదివిన యొకరిని, తెలుగు చదివిన యొకరిని జంటగా కూర్చవలెను. కడపటి వారమున కొత్త పని చేపట్టక, చేసినదానిని పరీక్షించి, మరుసటి యేటివారికి వివరముగా వ్రాసి యుంచవలెను.

కార్యవర్గము వారికి మా మనవి ఒక్కటే. మార్గదర్శి దినమునకు ఒక గంట విద్యార్థులతో గడుపుటను బోధనా కాలముగా లెక్కింపుడు. నివేదికలోని పుటలను గాక, గ్రంథాలయములో పనిచేయుచున్న దానిని చూచి మార్కు లిండు. చిన్న పనియైనను పూర్తిచేసిన విద్యార్థి తనకు చదువు రాదని యెన్నడును అనుకొనడు.