ఎనిమిది పైసల లెక్క

పురపాలక సంఘాలు సంస్కృతిమీద చేసే ఖర్చు తగ్గించదలచినప్పుడు కొన్ని దేశాలలో కనీసం ఒక మర్యాద పాటిస్తారు: తగ్గిస్తున్నామని చెబుతారు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నగరపాలక సంస్థ 2023 సెప్టెంబరులో ఖజానా చాలదని ప్రకటించి చేతులెత్తేసింది. 2024 మార్చిలో బడ్జెట్టు పెట్టినప్పుడు, నగరంలోని పేరున్న నాటకశాలకూ వాద్యబృందానికీ ఇచ్చే గ్రాంట్లను మొదటి ఏడు సగానికి, రెండవ ఏడు పూర్తిగా కోసివేస్తున్నామని కాగితంమీద రాసి, సభలో పెట్టి, ఓట్లు వేయించుకున్నది. ఆ పని దుర్మార్గమే. అయినా వీధిలోకి వచ్చి అరిచేవాళ్ల చేతిలో ఒక కాగితం వుంది. దానిమీద తేదీ వుంది. చెయ్యెత్తిన సభ్యులెవరో తెలుసు. మన దగ్గర ఆపాటి సౌకర్యం కూడా లేదు. మన పురపాలక సంఘాలు గ్రంథాలయాలకు కోత పెట్టవు. గ్రంథాలయాల పేరుతో మన దగ్గర డబ్బు వసూలు చేస్తాయి, చేసి తమ దగ్గరే వుంచుకుంటాయి. తీర్మానం లేదు, చర్చ లేదు, అసమ్మతి తెలిపిన సభ్యుడూ లేడు.

పాఠకులు తమ ఇంటిపన్ను నోటీసు ఒకసారి బయటికి తీసి చూడవలెనని కోరుతున్నాను. సాధారణ పన్ను, దీపాల పన్ను, మురుగు పన్ను అంటూ వున్న పద్దుల మధ్య గ్రంథాలయ సెస్సు అని ఒక చిన్న పద్దు వుంటుంది. (కొన్నిచోట్ల విడిగా చూపించకుండా మొత్తంలో కలిపేస్తారు, అదొక చమత్కారం.) పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయాలకు చెందాలి. రెండువేలు పన్ను కట్టే కుటుంబం నూటఅరవై రూపాయలు గ్రంథాలయానికి కడుతున్నదన్న మాట. కోటి రూపాయలు ఇంటిపన్ను వసూలయ్యే చిన్న పట్టణంలో ఇది ఎనిమిది లక్షలు. పురపాలక సంఘమూ గ్రామపంచాయతీ చెయ్యవలసిన పని ఒక్కటే: వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమకట్టటం.

జమకడుతున్నారా? మా పట్టణంలో నేను సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి మూడు ప్రశ్నలు అడిగాను. ఇంటిపన్ను ఎంత వసూలయింది? అందులో సెస్సు ఎంత? సంస్థకు ఎంత చెల్లించారు? మొదటి రెంటికీ అణా పైసలతో సహా జవాబు వచ్చింది. మూడవదానికి, నిధుల లభ్యతనుబట్టి దశలవారీగా చెల్లించబడును అని రాశారు. ఎంత బకాయో అంకె ఇక్కడ వెయ్యను. వేస్తే వూరి పేరు చెప్పినట్లే అవుతుంది, ఆ వూరొక్కటే దోషి అని మిగతా వూళ్లు సంతోషిస్తాయి. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ పేరుకుపోయిన సెస్సు బకాయిల సంగతి పత్రికలు చదివేవారికి కొత్తది కాదు. పెద్ద నగరమైతే బకాయి కోట్లలో వుంటుంది, చిన్న పట్టణమైతే లక్షలలో వుంటుంది, తేడా అంతే.

“నిధుల లభ్యతనుబట్టి” అన్న ఆ రెండు మాటల దగ్గర కాసేపు ఆగాలి. మనియార్డరుల రోజుల్లో పోస్టుమాను నా డబ్బు తెచ్చి, తన ఇంట్లో ఖర్చులెక్కువగా వున్నాయి గనుక వీలునుబట్టి ఇస్తానని అంటే నేనేం చేసేవాణ్ణి? ఆ పోస్టుమాను బీదరికంమీద నాకు జాలి కలగవచ్చు. కాని ఆ డబ్బు అతనిది కాదన్న సంగతి జాలివల్ల మారదు. సెస్సు పురపాలక సంఘం ఆదాయం కాదు. అది సంఘం చేతిమీదుగా మరొకరికి పోవలసిన సొమ్ము. రోడ్లకు చాలటం లేదు, పారిశుధ్య కార్మికుల జీతాలకు చాలటం లేదు అంటారు. కార్మికుల జీతాల మాట ఎత్తితే మన నోళ్లు మూతపడతాయని వారి నమ్మకం. ఆ జీతాలు చెల్లించవలసిందే, మొదట చెల్లించవలసిందే; వాటి కోసం బజారులో మేడలు కట్టి ఏళ్ల తరబడి పన్ను ఎగవేసే పెద్దమనుషుల గుమ్మం తొక్కాలి. అక్కడికి వెళ్లే ధైర్యం లేక, అడిగేవాడు లేని గ్రంథాలయం జేబులో చెయ్యి పెట్టటం పాలన ఎట్లా అవుతుంది?

ఈ ఎనిమిది పైసలు ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టినవాళ్లూ, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర భాషానిలయం పెట్టినవాళ్లూ ఏ ప్రభుత్వ గ్రాంటూ చూసుకొని పెట్టలేదు. సభ పెట్టుకోవాలంటే గస్తీ నిషాన్ 53 అడ్డం వచ్చే నిజాం రాజ్యంలో, నలుగురు కూడి తెలుగు పత్రిక చదువుకొనే గది వుండటమే ఒక రాజకీయం. ఇవతల 1914లో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి అధ్యక్షతన గ్రంథాలయ మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్యగారు జీవితమంతా ఆ పనికే ధారపోశారు. 1935లో పాతూరి నాగభూషణంగారి పూనికతో పెదవడ్లపూడి ప్రాంతపు కాలువమీద పడవలో గ్రంథాలయం నడిచింది; దారిలో వున్న వూళ్ల రైతులు గట్టుమీద నిలబడి పుస్తకాలు తీసుకున్నారు. చందాలతో, పిడికెడు బియ్యంతో, దాతల ఇళ్ల అరుగులమీద నడిచిన ఆ గ్రంథాలయాలకు స్థిరమైన ఆదాయం వుండాలన్న కోరిక చట్టమై రావటానికి చాలా కాలం పట్టింది. మద్రాసు రాష్ట్రంలో 1948లో, హైదరాబాదు రాష్ట్రంలో 1955లో వచ్చిన చట్టాలు, 1960లో ఆంధ్రప్రదేశ్‌కంతటికీ ఒక్కటైనాయి. ఇకమీదట గ్రంథాలయం ఏ ధనవంతుడి దయమీదా ఆధారపడనక్కరలేదన్నది ఆ చట్టాల సారం. ఇప్పుడు అధికారులు, దాతలు ముందుకు రావాలి అని ప్రకటనలిస్తుంటే, చక్రం తిరిగి అరుగుమీదికే వచ్చింది కాబోలు అనిపిస్తుంది.

సెస్సు రాకపోతే ఏమవుతుంది? పైకప్పు కారుతుంది. పత్రికలు పన్నెండు వచ్చేచోట నాలుగు వస్తాయి. గ్రంథపాలకుడు పదవీవిరమణ చేస్తే ఆ కుర్చీ ఖాళీగా వుంటుంది. పక్క వూరి మనిషి వారానికి మూడురోజులు వచ్చి తాళం తీస్తాడు. కొత్త పుస్తకాల కొనుగోలు నిలిచిపోతుంది. వెయ్యి ప్రతులు వేసుకొని, అందులో కొన్ని వందలు గ్రంథాలయాలు కొంటాయన్న ఆశతో బతికిన తెలుగు ప్రచురణ, అయిదువందల ప్రతులకు దిగి, ఆ అయిదువందలూ రచయిత ఇంట్లో మంచం కిందికి చేరతాయి. కలకత్తాలోని రాజా రామమోహన రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ ఇచ్చే సహాయంలో ఒక ముఖ్య భాగం రాష్ట్రం వేసే వాటానుబట్టి వస్తుంది. మనం వాటా వెయ్యకపోతే అదీ రాదు.

గ్రంథాలయమంటే బీరువాలే అనుకొనేవారు వేసవిలో ఏ శాఖా గ్రంథాలయానికైనా వెళ్లి చూడాలి. బడి మూసిన తరవాత పదిమంది పిల్లలు నేలమీద కూర్చొని బొమ్మలు గీయటం, పాట నేర్చుకోవటం, కథ చెప్పటం అక్కడ జరుగుతుంది. వూళ్లో నాటకం వేసే కుర్రవాళ్లకు సాయంత్రం ఒత్తిడిలేని గది కావాలంటే దొరికేది అదే. కల్యాణమండపం అద్దె వాళ్లు ఇచ్చుకోలేరు. సంగీతం మాస్టారును పెట్టుకోగలిగిన ఇళ్ల పిల్లలకు ఏ లోటూ రాదు. లోటంతా, ఇంటి బయట ఈ ఒక్క గది తప్ప మరేదీ లేని పిల్లలకు.

అందరి చేతిలో ఫోను వుండగా గ్రంథాలయం ఎవరికి కావాలి, అని అడిగే విద్యావంతులున్నారు. వారు ఉదయం ఏడుగంటలకు హైదరాబాదు చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయానికి గాని, ఏ జిల్లా కేంద్ర గ్రంథాలయానికి గాని వెళ్లాలి. ఉద్యోగ పరీక్షలకు చదివే పల్లెటూరి యువకులు, చేతిలో ఫోను వున్నవాళ్లే, కుర్చీ కోసం పరుగెత్తుతుంటారు. కుర్చీ దొరకనివారు చెట్టుకింద కూర్చుంటారు. వాళ్ల అద్దె గదిలో నలుగురుంటారు. అందులో చదువుకొనేందుకు చోటు లేదు. వాళ్లకు కావలసినది బల్ల, దీపం, మంచినీళ్లు, మరుగుదొడ్డి. ఆడపిల్లలకైతే రాత్రి ఎనిమిదిదాకా భయం లేకుండా కూర్చోగల చోటు. ఇవేవీ ఫోనులో రావు.

ఇక నవంబరు 14 వస్తుంది. వారంరోజులపాటు గ్రంథాలయ వారోత్సవాలు. సెస్సు చెల్లించని పురపాలక అధ్యక్షులే వేదికమీద కూర్చొని, పుస్తకం గొప్పదనంమీద ఉపన్యసిస్తారు. పక్కన మన రచయితలు శాలువాలు కప్పించుకొని, వారి సాహిత్యాభిమానాన్ని మెచ్చుకొంటారు. కారుతున్న పైకప్పు కింద, బకాయిదారుడి చేతిమీదుగా సన్మానం జరుగుతుంటే ఒక్క రచయిత అయినా లేచి, అయ్యా, మా డబ్బు ఏదీ అని అడగడు. అడిగితే వచ్చే ఏడు పిలవరు. పిలవకపోతే కలిగే నష్టమేమిటో నాకు బోధపడదు.

అడగవలసినది కష్టమైనదేమీ కాదు. ఇంటిపన్ను ఈనాడు చాలావరకు కంప్యూటరు ద్వారానే చెల్లిస్తున్నాం. చెల్లించిన క్షణంలోనే రూపాయికి ఎనిమిది పైసలు విడదీసి నేరుగా జిల్లా గ్రంథాలయ సంస్థ ఖాతాలో పడేటట్లు చెయ్యవచ్చు. అందుకు కొత్త చట్టమేమీ అవసరంలేదు, ఆ డబ్బు మీద పురపాలక సంఘం చెయ్యి పడకపోతే చాలు. పాత బకాయిలకు గడువు పెట్టి వాయిదాలు కట్టించాలి. ప్రతి శాఖా గ్రంథాలయం గోడమీద వసూలైనదెంత, ముట్టినదెంత అని రెండంకెలు నెలనెలా రాయాలి. సంస్థ అధ్యక్ష పదవులు పార్టీవారికి బహుమానాలుగా పంచిపెట్టటం మానితే, పురపాలక సంఘాన్ని నిలదీసి అడగగల అధ్యక్షుడు కూడా దొరకవచ్చు.

ఇది జరిగేదాకా సమాచార హక్కు దరఖాస్తు ఒక్కటే మన చేతిలో వున్న కాగితం. పైన చెప్పిన మూడు ప్రశ్నలే, మార్చనక్కరలేదు. ప్రతి పట్టణంనుంచి ఒక్కరు అక్టోబరు మొదటివారంలో దరఖాస్తు పెడితే, చట్టం చెప్పిన ముప్ఫైరోజుల గడువుకు జవాబులు నవంబరు మొదటికి చేతికి వస్తాయి. పద్నాలుగో తేదీన వేదిక ముందు కూర్చున్నవారందరికీ ఆ జవాబు నకళ్లు పంచటానికి అప్పటికి వారం రోజుల పైనే వ్యవధి వుంటుంది.